అమ్మ కట్టేసిన పులులు

నాయనా,

తిరుపతిలో మూడు రోజులుగా ఒకటే వాన. బడులకు సెలవిచ్చారు. క్యారమ్సా, లూడోనా అని పిల్లలు కొట్టుకుంటుంటే, నేను సుద్దముక్కతో హాల్లో నీ పులి-మేక ఆట గీశాను.

"మనిషి పోయి ఏడాదన్నా తిరగలే, ఇంట్లో ఆటలేందే?" అని నీ చెల్లెలు కసిరింది. నేను వినలేదు. ఆటలు మానేసిన ఇల్లు నీ ఇల్లెట్లవుతుంది?

నీ మూడు గులకరాళ్లను పులులుగా పెట్టాను. నువ్వు పోయినప్పటి నుంచి గది దాటని అమ్మ, వచ్చి ఎదురుగా కూర్చుంది. మేకలకని చింతగింజలు ఎప్పట్లాగే తనే తీసుకుంది. నలభై ఏళ్లు నీ చేతిలో ఓడిన మనిషి, మూడు పులులనూ కదలనివ్వకుండా కట్టేసింది.

"మీ నాయనకు జాబు రాయి," అంది. "పులుల్ని కట్టేసినాను. చేతనైతే వచ్చి ఇడిపించుకోమను."