గోదాంలో నీ డ్యూటీ

యాదమ్మక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే మన సూరారం ఫ్యాక్టరీలో నీ దయ్యాన్ని కూడా వెళ్లగొట్టారు.

గోదాంలో తెల్లచీర ఆమె తిరుగుతోందని నువ్వు పుట్టించిన కథ వల్లే కదా, ఇన్నేళ్లూ మేం అక్కడికి ఇద్దరిద్దరం కలిసి వెళ్లగలిగాం! సూపర్‌వైజర్ వెనకే వచ్చి ఒంటిమీద చేతులేస్తున్నాడంటే మేనేజర్ నమ్మలేదు. దయ్యమంటే వెంటనే నమ్మాడు. గోదాంలో లైటు పెట్టించమని ఎంత మొత్తుకున్నా వినని మనిషి, పొద్దున్నే పంతులును పిలిపించి హోమం చేయించాడు. ప్రసాదం పంచింది ఎవరనుకున్నావ్? ఆ సూపర్‌వైజరే.

"దయ్యం పోయింది. ఇగ ఒక్కొక్కలే పోవాలె" అన్నాడు నవ్వుతూ.

ఒళ్లు మండిపోయింది నాకు. దయ్యం చెబితే తప్ప మా మాట చెల్లదా అక్కా?

మధ్యాహ్నం వాడు, కొత్తగా చేరిన సల్మా అనే పిల్లను ఒంటరిగా గోదాంకు పంపి, వెనకే తనూ లేచాడు. నేను వాడికంటే ముందే పరుగెత్తి, గుమ్మంలో నిలబడి గొంతు చించుకున్నాను.

"అమ్మో! గామె మళ్లొచ్చింది! అచ్చం యాదమ్మక్క లెక్కనే ఉంది!"

వాడి ముఖం పాలిపోయింది. నువ్వు వాడికి బాగా గుర్తున్నావు.

చచ్చాక కూడా నీకు సెలవు లేకుండా చేశాను. ఏమనుకోకక్కా, రేపటి నుంచి నీ డ్యూటీ గోదాంలోనే.

నీ లక్ష్మి