ఒకే బిరుదు, ఇద్దరు మనుషులు, ఒక లాగిన్

ఆరోగ్య రికార్డుల కంప్యూటరు విభాగాధికారి గారి సముఖమునకు,
ఫాలెసులు గ్రామ వైద్యశాల నర్సు లెఫవోలా ఇయాకోపో, సర్వీసు నంబరు 3076, వ్రాసుకొను అర్జీ.

విషయం: లాగిన్‌లో ఉద్యోగిని పేరును బట్టి గాక సర్వీసు నంబరును బట్టి గుర్తించుట, మా అన్నగారిని తిరిగి విధుల్లోకి తీసుకొనుట గురించి.

అయ్యా,

1. గత ఫిబ్రవరిలో మా కుటుంబము వారు నాకు లెఫవోలా అను మతాయి బిరుదు, అనగా మా దీవిలో కుటుంబ పెద్దలకు ఇచ్చు బిరుదు, ప్రసాదించిరి. అదే రోజున, అదే బిరుదును మా పెదనాన్న కొడుకు ఇయోసువాకు కూడా ఇచ్చిరి. ఆయన మా వైద్యశాలలోనే మందుల గది చూసుకుంటారు. బిరుదు వచ్చాక పేరు మారును గనుక, తమ కార్యాలయము వారు మా పాత లాగిన్లు తీసివేసి ఇద్దరికీ కొత్తవి ఇచ్చిరి. ఇద్దరమూ "లెఫవోలా ఇ."యే అయితిమి.

2. పాస్‌వర్డ్ నాది. తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లాక సర్వరు పేరు చూసి మనిషిని పోల్చుకుంటుంది. ఆ పేరుతో దానికి ముందుగా దొరికేది మా అన్న. తెర మీద "స్వాగతం, మందుల గది" అని వస్తే తమ విభాగానికి ఫోను చేసితిని. ఎత్తిన వలేలియా గారితో జరిగిన సంభాషణ యథాతథముగా:

"లోపలికి వెళ్తోంది కదా సార్? పని కానివ్వండి."

"నేను నర్సునమ్మా. నంబరు చూసి పోల్చుకోలేదా అది?"

"పోల్చుకునేలా మార్చొచ్చు. పైనుంచి ఉత్తర్వు రావాలి. పోనీ, ఆ బిరుదు వదిలేస్తే?"

"బిరుదు చొక్కా కాదమ్మా, విప్పి కొక్కేనికి తగిలించడానికి."

3. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. పని కానిచ్చాను. ఆ తప్పు నాది.

4. లుపే అను తొమ్మిదేళ్ల పిల్లకు గుండె జబ్బు. నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకొనును. మార్చిలో ఇచ్చిన గంటకే ఒళ్లంతా దద్దుర్లు లేచినవి. "ఈమెకు ఇకమీదట పెన్సిలిన్ ఇవ్వరాదు" అని కంప్యూటరులో వ్రాసితిని. వాళ్ల నాయనమ్మ తలాయితో, "రాసేశాను, ఇంక భయం లేదు" అన్నాను. అది మా అన్న పేరున నమోదైనది. మందుల గదివారు వ్రాసినది నర్సుల పేజీలో కనిపించదట. అది అప్పటికి నాకు తెలియదు.

5. ఏప్రిల్‌లో నేను పక్క ఊళ్లో టీకాలు వేస్తుండగా లుపేను తీసుకువచ్చిరి. ముసలామె చెప్పనే చెప్పింది. వేరే నర్సు తెరలో వెతికింది, ఏమీ లేదు. ఇంజెక్షన్ ఇచ్చింది. పిల్లకు ఊపిరి ఆగినంత పనైంది. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికింది. నేను వెళ్లేసరికి తలాయి నన్ను తిట్టలేదు. "రాశానన్నావుగా నాయనా?" అన్నది, అంతే.

6. విచారణ జరిగింది. రోగి రికార్డులో మందుల గది ఉద్యోగి చేయి పెట్టాడని మా అన్నను సస్పెండ్ చేసిరి. "రాసింది నేను" అని మూడుసార్లు చెప్పితిని. "సర్వరు ఆయనే అంటోంది" అన్నారు. నా పేరున ఏ మచ్చా లేదు.

7. మా అన్న ఇప్పుడు తోటలో టారో దుంపలు నాటుకుంటున్నారు. ఆదివారం చర్చి బయట ఎదురుపడి, "బిరుదు చెరిసగం అన్నారు పెద్దలు. ఉద్యోగం పోవడం మాత్రం మొత్తం నా ఒక్కడి వంతే అయిందేంట్రా తమ్ముడూ?" అని నవ్వారు. ఆ నవ్వు కన్నా చెంపదెబ్బ నయం.

కావున, సర్వరు మమ్ములను నంబరును బట్టి గుర్తించునట్లు ఉత్తర్వు ఇప్పించి, ఆ మార్చి నమోదును, దానితోపాటు రావలసిన శిక్షను నా పేరునకు మార్పించి, మా అన్నగారిని పనిలోకి పిలిపించవలెనని ప్రార్థన. ఇది నాలుగవ అర్జీ. అలసిపోయితిని. ఈసారైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లెఫవోలా ఇయాకోపో

తా.క.: అర్జీలు కంప్యూటరు ద్వారానే పంపాలని తమ గుమాస్తా దీన్ని రెండుసార్లు వెనక్కి ఇచ్చాడు. మొదటి మూడూ అలాగే పంపాను సార్. అవి మా అన్న పేరున మీకు చేరాయని నిన్ననే తెలిసింది; "రాసింది నేనే, తప్పు నాదే" అన్న నా మాటను మా అన్న చేసిన ఒప్పుకోలుగా మీవాళ్లు ఫైల్లో పెట్టారట. అందుకే ఓడెక్కి వచ్చాను. మీ గది బయట బెంచీ మీద ఉన్నాను. ఒక్కసారి తలుపు తీసి నా ముఖం చూడండి.