తీగ తెగితే లేవని రెక్క

ఐతారం, రాత్రి.

మూడు నెలలు కూసొని చేసిన పాతకాలం రైలు రెక్క సిగ్నల్ నమూనాను ఇయ్యాల ఆబిడ్స్ ఇరానీ హోటల్‌కు తీస్కపోయిన. నాంపల్లి టేషన్ల నేను నూనె పోసి సాకినసుంటిదే, జానెడు కంబం. తీగ గుంజితే ఎర్ర రెక్క వాలుతది, బండికి తొవ్వ ఇచ్చినట్టు.

రిటైరైన డ్రైవర్ యాదగిరి చాయ్ తాగుకుంట, "రెక్క వాల్చి తీగ తెంపు" అన్నడు. తెంపిన. రెక్క లేవలే.

"ఏందన్నా, తీగ తెగితే రెక్క లేచి బండిని ఆపాలె గద! దీన్ని నమ్మితే నా బండి గంగల కలుస్తుండె" అని నవ్విండు. హోటలోల్లు గుడ నవ్విన్రు.

నాకు రోషమొచ్చి, "బొమ్మకు గవన్నీ ఎందుకురా" అన్న. మనవరాలు దీన్ని బొమ్మ అంటే కసిరేటోన్ని, ఇయ్యాల నేనే అన్న.

ఇంటికొచ్చి ఇప్పి చూసిన. అసలు సిగ్నల్ల రెక్కను లేపేది దాని ఎనక, దీపం ముంగటుండే ఎర్ర, పచ్చ అద్దాల బరువే. నేను అద్దాలకు బదులు రంగు కాయిదం అతికిచ్చిన. అండ్ల బరువేడిది? గింత ముచ్చట ఎట్ల మరిచిన? ఇంకేమేం మరుస్తున్ననో అని ఫికరైతుంది.

అద్దాల కాడ సీసం ముక్క పెట్టి, కొత్త తీగ కట్టి, రెక్క వాల్చి మల్ల తెంపిన. రెక్క లేచింది.

రేపు యాదగిరి ముంగట తెంపి చూపెడత. గని బొమ్మ అన్న మాటను ఎట్ల ఎనక్కి గుంజాలె...