చివరి ధార

ఆరంగ్ రోడ్డు, రాయ్‌పూర్

తమ్ముడు మోహనకృష్ణకు,

నిన్న పాలకేంద్రంలో పదిమంది ముందు నా క్యాను పక్కకు నెట్టి, "దీదీ, ఇందులో పానీ కలిపావు, వెన్న రాలేదు" అన్నావు. అక్కా అనడానికి నీకు నోరు రాలేదు.

చుక్క నీళ్లు కలపలేదు. పితికేటప్పుడు చివరి ధార పాలు దూడకు వదిలేస్తాను. వెన్నంతా వాటిలోనే ఉంటుందని పాలు పరీక్షించే మీ మిషనుకు తెలియదు, నీకు తెలుసు.

అమ్మ పోయినప్పుడు నీకు ఏడాది నిండలేదు. గేదె చివరి పాలన్నీ పితికి నీకే పట్టాను. ఆ ఎండాకాలం మన దూడ చిక్కి చచ్చిపోయింది. అప్పటినుంచి ఏ దూడ వంతు పాలూ నేను ముట్టలేదు.

రేపు క్యాను తీసుకురాను. వెన్న కావాలంటే నువ్వే వచ్చి, దూడను కట్టేసి పితుక్కుపో. దూడ వంతు పాలు తాగడం నీకు కొత్త కాదు.

అక్క