ఇంట్లో ఎవరిని కలిశారు?

17 జూన్ 2003, మంగళవారం
జూబ్లీహిల్స్

మబ్బు పట్టింది, వాన పడలేదు. ఆఫీసు కుళాయికి వాషర్ మార్చాను.

చిరంజీవి భువనకు ఆశీస్సులు.

నా పేరు వీరయ్య. సత్యలక్ష్మి స్మారక ట్రస్టులో గుమస్తాను. లేనివాళ్ళ పిల్లలకు మేమిచ్చే కాలేజీ ఫీజు సాయానికి నువ్వు పంపిన దరఖాస్తు అందింది. చెప్పకుండా ఇంటికి వెళ్ళడం, చూసింది చూసినట్టు రాయడం నా పని. మొన్న శనివారం మధ్యాహ్నం మూడింటికి ఫిలింనగర్ బస్తీలో మీ గదికి వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. మీ అమ్మగారు మిషను ముందు కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్నారు. ఏదో సినిమా పాటలో నలభై మంది అమ్మాయిలకట. చెప్పులు విడవబోతే వద్దని, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చారు. "ఈసారి నేనే ఉన్నానండీ" అన్నారు. అంటే ఏమిటో నాకు తెలియలేదు. "ఎక్కడ సంతకం పెట్టాలండీ?" అని అడిగారు. ఇప్పుడు అక్కర్లేదు, సాయం మంజూరయ్యాక ఇంటివాళ్ళు రసీదు పుస్తకంలో పెట్టాలి అని చెప్పాను. "అయితే అప్పుడూ ఉంటాను" అన్నారు.

తిరిగి వచ్చాక నీ దరఖాస్తు మళ్ళీ చూశాను. తల్లి లేదు అని రాశావు. రిపోర్టులో 'ఇంట్లో ఎవరిని కలిశారు?' అనే గడి ఉంటుంది. అందులో నేను, ఆవిడ చెప్పినట్టే, 'తల్లి జగదాంబ' అని రాశాను. రెండూ పొసగవు. అబద్ధపు దరఖాస్తు అని తేలితే కొట్టేస్తారు. అలా కాక ముందే నిజం రాయమ్మా. తప్పు జరిగి ఉంటే దిద్దుకోవచ్చు.

ఇట్లు,
వీరయ్య

*

కాకినాడ, 23 జూన్

గౌరవనీయులైన వీరయ్య గారికి,

మా అమ్మ పోయి పదమూడు నెలలైంది. ఎంసెట్ అయ్యేదాకా జబ్బు సంగతి నాకు తెలియనివ్వలేదు. మరణ ధ్రువపత్రం నకలు ఇందులో పెట్టాను. ఇలాంటి విషయంలో అబద్ధం ఎవరు రాస్తారండీ?

మీరు చూసింది మా పక్కింటి అమ్మాజీ పిన్నిని అయి ఉంటుంది. సినిమాల్లో జనంలో నిలబడే తల్లి వేషాలు వేస్తుంది. స్కూల్లో మీటింగులకి అమ్మకి ఎప్పుడూ షూటింగే అడ్డం. తన బదులు పిన్నిని పంపేది. పిన్ని మా లెక్కల మాస్టారి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నటించేది. ఇప్పుడూ నాకు మేలు చేద్దామనే అమ్మనని చెప్పి ఉంటుంది. గది తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. ఓనరు బోరబండలో ఉంటాడు. మనిషి పోయిన గది ఎవరూ అద్దెకు తీసుకోరని మా సామాను అలాగే ఉండనిచ్చాడు.

మొదటి ఏడు ఫీజు అమ్మ పనిచేసిన కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంటు వాళ్ళు చందాలు వేసుకుని కట్టారు. మళ్ళీ వాళ్ళని అడగలేను. జులై 31 లోపు కట్టకపోతే నా పేరు తీసేస్తారు. కంప్యూటర్ సైన్సు సీటు కోసం మా అమ్మ రాత్రుళ్ళు కుట్టి కుట్టి కళ్ళు పోగొట్టుకుంది. దయచేసి ఆ గడి దిద్దండి.

నమస్కారాలతో,
భువన

*

2 జులై, బుధవారం
జూబ్లీహిల్స్

పొద్దున జల్లు. పాత ఫైళ్ళు ఎండలో ఆరబెట్టాను, మళ్ళీ లోపల పెట్టాను.

చిరంజీవి భువనకు,

నీ ఉత్తరం చూసి సిగ్గుపడ్డాను. తప్పు దిద్దుకుందామని మీ బస్తీకి మళ్ళీ వెళ్ళాను.

అమ్మాజీ గారు జూన్ ఐదున అవుట్‌డోర్ షూటింగుకు అరకు వెళ్ళారట. నేను మీ గదికి వెళ్ళింది పద్నాలుగున. యూనియన్ ఆఫీసులో, అరకు నుంచి పంపిన కాల్ రిజిస్టరు, అంటే హాజరు కాగితాలు, చూపించమన్నాను. ఆ రోజు అరకులో ఆవిడ సంతకం ఉంది.

మీ గదికి తాళం ఉంది. తుప్పు పట్టి, చెవి పెట్టే కన్నంలో సాలీడు గూడు కట్టింది.

మా ట్రస్టీ కమలాకర్ గారికి చెప్పాను. ఆయన మంచివారే.

"ఏంది వీరయ్యా, సర్టిఫికెట్ల సచ్చిపోయిందని ఉంటే నువ్వు బతికుందని రాస్తివి? ఎండకు కండ్లు తిరిగినయా?"

"లేదు సార్. నీళ్ళు గూడ తాగిన."

"ఎవ్వరూ లేరని రాయి. పిల్లకు ఫీజు వస్తది, ఆడిటర్ నోరు మూస్తడు. గంతే."

నేను బడికి పోలేదమ్మా. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. అందుకేనేమో, రాసిన మాటంటే నాకు భయం. పన్నెండేళ్ళ కింద షేక్‌పేటలో ఒక ఇంటికి వెళ్ళకుండా, వీధి చివర పాన్ డబ్బా అతను చెప్పింది రాశాను. ఇంట్లో స్కూటరు ఉందని. అది ఆ అమ్మాయి వాళ్ళది కాదు. ఆమె చదువు ఆగిపోయింది. ఆనాటి నుంచి చూడనిది రాయలేదు. చూసింది చూడలేదని కూడా రాయలేదు.

నేను చూసినామెకు ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉంది. నీళ్ళు ఇచ్చిన స్టీలు గ్లాసు అంచుకు సొట్ట. దాని మీద చుక్కలతో 'భువన' అని పేరు కొట్టి ఉంది. నువ్వు నిద్రలో గోడ వైపే తిరుగుతావట. హాస్టల్లో గోడ పక్క మంచం దొరికిందో లేదో కనుక్కోమన్నారు.

ఏం చేయాలో నాకు తోచడం లేదు.

వీరయ్య

*

కాకినాడ, 9 జులై

ప్రియమైన వీరయ్య బాబాయి గారికి,

ఆ గ్లాసు నా దగ్గర ఉంది. కిందటేడే హాస్టలుకు తెచ్చుకున్నాను. ఇప్పుడు దానితోనే నీళ్ళు తాగి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ఉత్తరం చదివిన రాత్రి దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాను. తెల్లారి సిగ్గేసి తీశాను. అమ్మకి భయపడటమేమిటి?

మచ్చ నిజమే. గోడ సంగతీ నిజమే. నా మంచం కిటికీ పక్కన.

ఇంటరులో ఉండగా ఒకసారి అలిగి అమ్మతో నాలుగు రోజులు మాట్లాడలేదు. "అందరికీ అమ్మలొస్తారు, నాకు మాత్రం జూనియర్ ఆర్టిస్టు వస్తుంది" అని అరిచాను. అప్పుడంది: "ఇంకోసారి నీ గురించి అడగడానికి ఎవరొచ్చినా నేనే ఉంటానే, ఒట్టు." ఆ తర్వాత అడగడానికి ఎవరూ రాలేదు. మీరే మొదలు.

అమ్మ ఒట్టు నిలబెట్టుకుంది, దానికే నా ఫీజు ఆగింది. నవ్వు కూడా వస్తోంది. ఎవరూ లేరని రాస్తే డబ్బు వస్తుంది. కానీ అమ్మ ఈసారి కూడా రాలేదని రాసినట్టే కదా. మొన్న దిద్దమన్నది నేనే. ఇప్పుడు అంటున్నాను, ఆ గడి కొట్టేయకండి. సీటు పోతే పోనీ.

పోకూడదనే ఉంది, బాబాయి గారూ.

మీ
భువన

*

28 జులై, సోమవారం
ఫిలింనగర్

ఎండ. చెప్పు తెగితే మేకు కొట్టించాను.

ప్రియమైన భువనకు ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన రోజే కొత్త రిపోర్టు రాశాను. 'ఇంట్లో ఎవరిని కలిశారు?' దగ్గర 'తల్లి జగదాంబ' అని ఉంచేశాను. కింద 'తల్లి మరణించినట్టు ధ్రువపత్రం చూశాను' అని రాశాను. 'అవసరం' దగ్గర 'ఉంది' అని రాశాను. మూడూ నేను చూసినవే.

కమలాకర్ గారు కాగితం పక్కన పడేశారు. పది రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఇరవై రెండున అమ్మాజీ గారు అరకు నుంచి వచ్చారని తెలిసి, "నడువ్, నేనే సూస్త" అని కారు తీశారు.

అమ్మాజీ గారు తాళానికి కొబ్బరినూనె పోసి, కష్టపడి తెరిచారు. ఏడాది దుమ్ము, నేలంతా వేలి మందం. అందులో ఒకే ఒక జత అడుగులు. గడప నుంచి స్టూలు దాకా, స్టూలు నుంచి గడప దాకా. నా ఎడమ చెప్పు అడుగున టైరు ముక్క అతికించి ఉంటుంది. దాని గీతలు అచ్చు పడి ఉన్నాయి. మిషను వైపు ఒక్క అడుగూ లేదు. మిషను మీద మాత్రం దుమ్ము లేదు.

"వీరయ్యా, నీ చెప్పు సూపియ్" అన్నారు కమలాకర్ గారు. చూపించాను.

అమ్మాజీ గారు గుమ్మంలోనే కూలబడ్డారు. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! బతికుండగా ఒక్క మీటింగుకి కదిలావా జగదాంబా? నా చేత వేషాలేయించి, ఇప్పుడొచ్చావా?" అని తిట్టి, ఏడ్చారు.

కమలాకర్ గారు కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశారు. ఆ తర్వాత రెండు రోజులు ఆఫీసుకు రాలేదు.

నీ ఫీజు డీడీ నా సంచిలో ఉంది. ఇంటివాళ్ళు రసీదు పుస్తకంలో సంతకం పెట్టనిదే పంపడానికి లేదు. నీ తరఫున అమ్మాజీ గారు పెట్టవచ్చని కమలాకర్ గారు ఒప్పుకున్నారు. ఆవిడ షూటింగు నుంచి మూడున్నరకు వస్తానన్నారు. నేను మీ గడప మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

నాలుగున్నర అయింది. పక్కింటి ఫోనుకు కబురు వచ్చింది. పాట ఇంకా పూర్తి కాలేదట, ఎనిమిది దాటుతుందట. స్పీడ్ పోస్టు కౌంటరు ఆరింటికి మూసేస్తారు. ఇవాళ పడకపోతే నీకు గురువారం గడువు లోపు అందదు. అమ్మాజీ గారి పేరు నేనే రాసేస్తే ఎవరికీ తెలియదు. పుస్తకం తెరిచాను. మళ్ళీ మూశాను.

నా వెనక మిషను ఆడుతోంది.

తాళం చూశాను. వేసే ఉంది. నూనె మరక కూడా అలాగే ఉంది.

మిషను ఆగింది. నా పక్కన గడప మీద గ్లాసు ఉంది, నిండా నీళ్ళు. నీ పేరు నా వైపు తిరిగి ఉంది.

"ఎక్కడ సంతకం పెట్టాలండీ?"

పుస్తకం తెరిచి పేజీ చూపించాను. నా దగ్గర ఈ పెన్ను ఒక్కటే ఉంది. ఇది ఆవిడ చేతికి ఇచ్చి