గిటార్ల చాటున

బంగారూ,

నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఈ ఉత్తరం. కోపమొచ్చినా చివరిదాకా చదివి, ఆ తర్వాతే చించెయ్.

మధ్యాహ్నం నా రేడియో కార్యక్రమం నీకు తెలిసిందే. భోజనాలయి వీధులు సద్దుమణిగే వేళ తలలు వంచి బూట్ల కేసి చూస్తూ గిటార్లు హోరెత్తించే ఆ షూగేజ్ పాటలూ, మెత్తని ఇండీ పాప్ పాటలూ వేస్తాను. "మాటల కోసం వెతక్కండి. గిటార్ల హోరులో ఒళ్ళు వదిలేసి పడుకోండి. గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు దానంతటదే వస్తుంది" అని శ్రోతలకి చెబుతుంటాను. ఈ నెలంతా మీ బృందం పాట వేశాను. నీకిచ్చిన మాట ప్రకారం పాడింది ఎవరో చెప్పలేదు. జనం మళ్ళీ మళ్ళీ అడిగారు. అమ్మ కూడా వింటోందని నీకు చెప్పలేదు. మీ బావ చూశారట, ఆ పాట రాగానే కిటికీ తెర లాగేసి, కుర్చీలోనే హాయిగా కునుకు తీస్తుందట. పాడేది నువ్వని ఆవిడకి అప్పటికి తెలియదు.

నిన్న మా కొత్త సౌండ్ ఇంజనీరు గారు ఘనకార్యం చేశారు. జన్మంతా వార్తలే రికార్డు చేసిన మనిషి. "పాపం, గొంతంతా మోతలో మునిగిపోయింది, రికార్డు పాడైనట్టుంది" అనుకుని, నాకు చెప్పకుండా గిటార్లు తగ్గించి, గొంతు పైకి తీసి పెట్టారు. పాట మొదలవగానే ప్రతి మాటా తెలిసిపోయింది.

"నలుగురిలో నా గొంతు నవ్వులపాలంది అమ్మ, నాలుగు గోడలకీ వినపడకుండా పాడుతున్నాను."

మైకు ముందు కొయ్యబారిపోయానే. ఇన్నిసార్లు ఊరందరికీ సిఫారసు చేసిన పాటలో నువ్వేమంటున్నావో నేనే వినలేదు. చాలా బాధేసింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ మేలుకునే ఉంది. "ఎవరే ఆ పిల్ల?" అంది. అబద్ధం చెప్పలేకపోయాను. రేపు నీ దగ్గరికి బయల్దేరుతోంది, ఆపితే ఆగడం లేదు. నువ్వు తలుపు తీయకపోయినా నేనేమీ అనను.

నీ
అక్క


అక్కా,

నీ ఉత్తరం కంటే అమ్మే ముందొచ్చింది. తలుపు తీసే పని కూడా లేకుండా, నేరుగా మేం సాధన చేసుకునే షెడ్డుకే వచ్చేసింది. డ్రమ్ములు వాయించే అబ్బాయి కుర్చీ వేశాడు.

"ఆ మాట నేనన్నానా?" అంది.

"అన్నావు. బడిలో పాటల పోటీ రోజున."

"అనుంటాను" అంది. క్షమించమని అడిగిందనుకుంటున్నావా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, అమ్మ సంగతి నీకు తెలియనిదా. "మొన్నటి నుంచి కంటిమీద కునుకు లేదు. ఆ మోతంతా పెట్టి వాయించండి" అంది మావాళ్ళతో.

వాయించాం. రేకులు అదిరాయి. మసక వెలుతురులో, ఆ హోరు మధ్యన, అమ్మ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. మేమందరం మామూలుగానే తలలు వంచుకుని మా బూట్ల కేసి చూస్తూ వాయిస్తున్నాం. నాకేం తోచిందో, చెయ్యెత్తి గిటార్లు ఆపించాను. అమ్మ మాటున్న ఆ రెండు పంక్తులూ ఒట్టి గొంతుతో, ఆవిడ ముందు నిలబడి పాడాను. అమ్మ కళ్ళు తెరవలేదు గానీ, చెంపలు తడిశాయి.

ఇంజనీరు గారిని ఏమీ అనకు.

పాటయ్యాక అమ్మ, కళ్ళు మూసుకునే, "ఇంకోటి పాడవే" అంది.

నా దగ్గరున్నవన్నీ ఆవిడ మీద అలిగి రాసినవే అక్కా. అయినా అందుకున్నాను.

నీ
బంగారు