ఏడాది ఆగిన గింజలు

అక్కా,

మళ్లీ దీపావళి వచ్చింది. పోయిన పండక్కి నువ్వు సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చినప్పుడు వంటగది పై అరలో పెట్టిపోయిన రెండు డబ్బాలను ఈరోజు దించాను. ఒకదాంట్లో నువ్వు ఏళ్ల తరబడి సంకరం చేసి తీసిన రకం వేరుశెనగ, ఇంకోదాంట్లో బజారుది. రెండింటినీ మా పొయ్యి మీద నువ్వే వేయించావు. ఓలిక్ ఆమ్లం ఎక్కువుంటే గింజలోని నూనె త్వరగా చెడదని, ఈ ఊరి ఉక్కకు తట్టుకుంటేనే నీ రకం నిలిచినట్టని చెప్పావు.

"యాడాది దాకా ముట్టొద్దురా. నేనే వచ్చి వాసన చూస్తా" అన్నావు. వేసవిలో నువ్వు పోయావు.

అందుకని నీ పద్ధతిలోనే, ఏది ఏదో చెప్పకుండా రెండూ నీ మరదలు సుజాత చేతికిచ్చాను. మొదటి డబ్బా తెరవగానే మొహం తిప్పుకుంది.

"ఛీ, పాత నూనె కంపు. పారేయండి."

రెండోదాంట్లోవి నాలుగు నోట్లో వేసుకుంది. "ఇవి మొన్న వేయించినట్టున్నాయే! చట్నీ చేస్తా."

"అవి అక్కవి" అన్నాను. నమలడం ఆపేసింది.

తర్వాత చట్నీ చేసింది. దోసెల్లోకి బాగుంది.

గుప్పెడు గింజలు మాత్రం తిరిగి డబ్బాలో వేసి మూత పెట్టాను. వేయించినవి, మొలవవని తెలుసు. చెడిపోవని నువ్వే అన్నావుగా.